పన్నెండుంబావు గంటల ప్రయాణం

ఏ రెండు ఊళ్ళ పేర్లు చెప్పినా సరే, వాటి మధ్య ఎన్ని కిలోమీటర్లో, విమానం ఎన్ని గంటలు ఎగరాలో నేను కాగితం చూడకుండా చెప్పగలను. ముప్పై ఒక్క ఏళ్ళుగా ట్రావెల్ ఆఫీసులో టికెట్లు కొడుతున్నవాణ్ణి, ఆ మాత్రం నోటికి రాకపోతే ఇన్నేళ్ళు నన్ను మోసినందుకు ఆ కుర్చీయే నన్ను తిట్టుకుంటుంది. చుట్టాల పిల్లలకి నేను గంటల మావయ్యని. ఎవరింట్లో నలుగురం కలిసినా ఒకడు ఊళ్ళ పేర్లు అడుగుతాడు, నేను చెబుతాను, ఇంకొకడు ఫోన్ తీసి సరిచూస్తాడు. ఐదు నిమిషాలు అటూ ఇటూ తప్ప ఎప్పుడూ దొరకలేదు నేను. పైకి "అదేముందిరా" అంటాను గానీ లోపల ఉబ్బి తబ్బిబ్బైపోతాను. ఈ వయసులో ఇంత చిన్న విద్యకి అంత పొంగిపోవడం ఏమిటని మా ఆవిడ అంటుంది. ఆవిడ ఎప్పుడూ సరిగ్గానే అంటుంది, ఆవిడతో ఉన్న చిక్కే అది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. చెప్పకుండా ఉంటే ఇంకా సిగ్గుగా ఉంటోంది కాబట్టి చెబుతున్నాను.

నాకు ఇద్దరు అక్కలు. చిన్నక్క మా ఊళ్ళోనే, నా ఇంటికి రెండు వీధుల అవతల కొడుకు దగ్గర ఉంటుంది. పరుపుల ఫ్యాక్టరీలో దూది ఏకే గదిలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. ఆ దూది నుసి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, నాలుగేళ్ళుగా ముక్కుకి గొట్టం, భుజాన చిన్న ఆక్సిజన్ మిషను. అది బ్యాటరీ మీద నడుస్తుంది. నిమిషానికి ఇన్నిసార్లని బుస్సు బుస్సుమంటూ ఉంటుంది. "నాకు తోడు ఇదొకటి బుసలు కొడుతూ తిరుగుతోందిరా" అని తనే నవ్వుతుంది.

పెద్దక్క పెళ్ళయ్యాక బావ ఉద్యోగం వెంట సముద్రాల అవతలి ఊరికి వెళ్ళి, అక్కడే టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరి, అక్కడే రిటైరైంది. ఏడువేల ఎనిమిదివందల కిలోమీటర్ల దూరం. ఎన్నేళ్ళకొకసారి కలిసినా అక్కలిద్దరికీ మాటలకి కొదవ ఉండదు. ఒకరు ఊపిరి తీసుకోవడానికి ఆగితే ఇంకొకరు అందుకుంటారు. మధ్యలో మా బావలు, నేను, పిల్లలు అందరం గోడకి తగిలించిన పటాల్లా కూర్చోవాల్సిందే. కిందటిసారి వాళ్ళు కలిసి ఆరేళ్ళయింది.

ఆ పెద్దక్కకి గొంతులో గడ్డ వచ్చింది. గొంతు లోపల మాట పుట్టే పెట్టెని పూర్తిగా తీసేయాలన్నారు డాక్టర్లు. ప్రాణానికి భయం లేదట, మాట మాత్రం ఇంక రాదట. గురువారం పొద్దున్న ఆపరేషను. ఆ మాట తెలిసిన సాయంత్రమే చిన్నక్క నన్ను పిలిపించింది.

"ఒరేయ్, నేను వెళ్ళాలి. మిషను వేసుకునైనా వెళ్ళాలి. అక్క గొంతు ఒక్క రోజు దగ్గర కూర్చుని వినాలి. ఎలా తీసుకెళ్తావో నీ ఇష్టం" అంది.

"నేనుండగా నీకెందుకు దిగులు" అన్నాను. ఈ మాట బాగా గుర్తుంది నాకు. కాలు మీద కాలు వేసుకుని మరీ అన్నాను.

ఆ ఊరికి నేరుగా వెళ్ళే విమానం వారానికి రెండే రోజులు, మంగళవారం, శుక్రవారం. మంగళవారం పొద్దున్న పదిన్నరకి ఎక్కితే అదే సాయంత్రానికి దిగుతాం. బుధవారం రోజంతా అక్కలిద్దరిదీ. అక్కడి మేనల్లుడు, పెద్దక్క కొడుకు, ఫోన్లో చెప్పాడు, ఆమె పది రోజులుగా నోరు విప్పడం లేదట. సైగలతోనే కానిస్తోందట. డాక్టరు చెప్పి కాదు. "ఉన్న కాస్త గొంతూ పిన్ని కోసం దాచుకుంటోంది మావయ్యా, బుధవారం ఖర్చుపెడుతుందట" అన్నాడు. చిన్నక్క అది విని నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకుంది.

ఆక్సిజన్ మిషనుతో విమానం ఎక్కాలంటే మెడికల్ ఫారం ఒకటి నింపి, డాక్టరు సంతకంతో రెండు రోజుల ముందు విమాన కంపెనీకి పంపాలి. విమానం ఎగిరే సమయానికి ఒకటిన్నర రెట్లు సరిపోయే బ్యాటరీలు మన దగ్గర ఉండాలి. దారిలో ఆలస్యమైతే ఇబ్బంది పడకూడదని ఆ నియమం. ఒక్కో బ్యాటరీ నాలుగు గంటలు వస్తుంది. ఇదంతా నాకు కొట్టిన పిండి.

మా ఆఫీసులో ఒక అమ్మాయి ఉంది. చేరి మూడేళ్ళయినా అందరం కొత్తమ్మాయి అనే పిలుస్తాం, ఆ తర్వాత ఎవరూ చేరలేదు మరి. పరదేశపు టికెట్ల బల్ల దగ్గర నా పక్క కుర్చీ ఆమెది. మాట తక్కువ, పని ఎక్కువ. అక్క ఫారం ఆమే నింపడం మొదలుపెట్టింది. ప్రయాణ సమయం అన్న గడి దగ్గరకి వచ్చేసరికి స్క్రీన్ చూసి పెన్సిల్‌తో పన్నెండు గంటల పదిహేను నిమిషాలు అని రాసింది.

నేను పక్కనుంచి చూసి, "అదేంటి? ఆ ఊరికి తొమ్మిది గంటల నలభై నిమిషాలు" అన్నాను.

"స్క్రీన్ మీద పన్నెండుంబావు అని ఉంది సార్."

"స్క్రీన్‌కేం తెలుసు. అక్కడి గడియారం, ఇక్కడి గడియారం కలిపి గందరగోళం చేసి ఉంటుంది."

"తేడా తీసేసి చూశాను సార్. పన్నెండుంబావే వస్తోంది. పోయినేడాది నుంచి మధ్యలో ఆకాశం మూసేశారు కదా, చుట్టూ తిరిగి వెళ్తున్నట్టున్నారు."

ఆకాశం మూసేసిన సంగతి నాకు తెలియక కాదు. ఏదో రెండు దేశాల గొడవ, ఆ మీదుగా విమానాలు పోకూడదని కంపెనీ కాగితం పంపింది. చదివాను, సంతకం పెట్టి సొరుగులో పడేశాను. కానీ ఆ కాగితాన్నీ, నా నోట్లో ఉన్న తొమ్మిది గంటల నలభై నిమిషాలనీ ఎప్పుడూ ఒకచోట పెట్టి చూడలేదు. అవతల ఇద్దరు కస్టమర్లు కూర్చుని మా మాటలు వింటున్నారు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల వాళ్ళ ముందు నాకు లెక్క నేర్పుతోందని ఒళ్ళు మండింది.

"అమ్మాయ్, నేను ఆ ఊరికి మొదటి టికెట్ కొట్టినప్పుడు నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు. ఇటివ్వు" అని ఫారం లాక్కుని, రబ్బరుతో ఆమె అంకె చెరిపి, పెన్నుతో నాది దిద్దాను. కస్టమర్లు నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వినట్టు ముఖం పెట్టి తన స్క్రీన్ వైపు తిరిగింది. స్క్రీన్ నావైపు తిప్పి చూడటానికి అర నిమిషం పట్టేది కాదు.

తొమ్మిది గంటల నలభైకి ఒకటిన్నర రెట్లంటే పద్నాలుగున్నర గంటలు. నాలుగు బ్యాటరీలు చాలు, ఇంకా గంటన్నర మిగులుతుంది. మెడికల్ షాపు నుంచి నాలుగే అద్దెకి తెప్పించాను. షాపువాడు "ఇంకోటి ఉంచుకోండి సార్, ఊరికే పడుంటుంది" అన్నాడు. "లెక్క తెలిసినవాళ్ళకి ఎక్కువ తక్కువలు ఉండవు" అన్నాను. ఆ వారంలో నేనన్న గొప్ప మాటలన్నీ ఏరి ఒకచోట పెడితే, నా ముఖం దాచుకోవడానికి ఆ కుప్ప సరిపోతుంది.

మంగళవారం ఎనిమిదింటికల్లా విమానాశ్రయంలో ఉన్నాం. చిన్నక్క చక్రాల కుర్చీలో, ఒళ్ళో మిషను. తోడుగా వెళ్ళేది నేను. సాగనంపడానికి ఆమె కొడుకు వచ్చాడు. వాడు మంచివాడే గానీ ముక్కు మీద కోపం. కౌంటరులో ఆవిడ ఫారం తీసింది, బ్యాటరీలు ఒక్కొక్కటే చూసింది, తన స్క్రీన్ చూసింది, మళ్ళీ ఫారం చూసింది.

"ఇందులో ప్రయాణ సమయం తప్పు రాశారండీ. ఈ విమానం పన్నెండుంబావు గంటలు. మీకు పద్దెనిమిది గంటల పైన బ్యాటరీ ఉండాలి. పదహారు గంటలకే ఉంది. ఇంకొకటి కావాలి."

ఎక్కడో పొరపాటు పడ్డారేమో చూడమన్నాను. ఆవిడ ఓపిగ్గా స్క్రీన్ నావైపు తిప్పింది. ఆఫీసులో నేను తిప్పి చూడని అంకే అక్కడ ఉంది. నా తల కొట్టేసినట్టయింది.

కౌంటరు తొమ్మిదిన్నర వరకే. మేనల్లుడు షాపువాడికి ఫోన్ చేశాడు. తాళాలు పనివాడి దగ్గర ఉన్నాయి, వాడు వచ్చేది పదింటికి. ఇంకెవరైనా ఇస్తారేమోనని ఆసుపత్రికి చేశాడు. నేను విమాన కంపెనీ వాళ్ళకి, వాళ్ళ పైవాళ్ళకి చేశాను. బతిమాలాను, ముప్పై ఏళ్ళ పరిచయాలన్నీ బయటికి తీశాను. "అన్నీ తెలిసినవారు మీరే ఇలా అడిగితే ఎలాగండీ" అన్నాడు ఒకాయన. తొమ్మిదిన్నరకి కౌంటరులో ఆవిడ లేచి నిలబడి, "సారీ అమ్మా" అని చిన్నక్కతో అంది. నాతో అనలేదు.

అప్పుడు మేనల్లుడు నావైపు తిరిగాడు. "మావయ్యా, ఆ ఫారం నింపింది ఎవరు?"

చక్రాల కుర్చీలోంచి చిన్నక్క కూడా తలెత్తి నన్నే చూస్తోంది. ఆ చూపులో అనుమానం లేదు. ఉండి ఉంటే నిజం చెప్పేవాణ్ణేమో. నా తమ్ముడు ఉండగా ఇలా ఎలా జరిగిందా అన్న ఆశ్చర్యం తప్ప అందులో ఇంకేమీ లేదు. ఆ చూపు ముందు నా నోట వచ్చిన మాట ఇది:

"ఆఫీసులో... కొత్తమ్మాయి."

అనుకుని అన్న మాట కాదది. కానీ అన్నాక వెనక్కి తీసుకోవడానికి ఎంత సమయం కావాలో అంతా ఉంది నాకు. మేనల్లుడు ఫోన్ తీసి మా మేనేజరుకి కలిపాడు. నా ముందే అరిచాడు. ఆ అమ్మాయికి బుద్ధుందా అన్నాడు. నేను మిషను సంచీ జిప్పు వేస్తూ, తీస్తూ నిలబడ్డాను.

ఇంటికి వచ్చాక మధ్యాహ్నమంతా వేరే దారులు వెతికాను. రెండు విమానాలు మారి వెళ్ళే దారి ఉంది, కానీ అది వేరే కంపెనీ, మళ్ళీ డాక్టరు కాగితం, మళ్ళీ రెండు రోజుల గడువు. ఆపరేషను రెండు రోజులు వాయిదా వేయించమని అక్కడి మేనల్లుణ్ణి అడిగాను. వాడు డాక్టరుని అడిగి, కుదరదన్నారని చెప్పి, "అమ్మకి ఇంకా చెప్పలేదు మావయ్యా, మీరు బయల్దేరారనే అనుకుంటోంది" అన్నాడు.

నాలుగింటికి చిన్నక్క ఫోన్ మోగింది. ఆమె మంచం మీద ఆనుకుని కూర్చుని ఉంది, ఫోన్ స్పీకర్లో పెట్టింది. నేను కాఫీ గ్లాసుతో పక్కనే ఉన్నాను.

"అమ్మా, నేను ట్రావెల్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. మీ ఫారం విషయంలో... నా వల్ల పొరపాటు జరిగింది. క్షమించండి."

కొత్తమ్మాయి గొంతు. నా చేతిలో గ్లాసు కాలుతున్నా కింద పెట్టాలని తోచలేదు.

మా చిన్నక్క ఎవరినీ గట్టిగా ఒక మాట అనే మనిషి కాదు. ఫ్యాక్టరీ వాళ్ళని కూడా అనలేదు. ఆ రోజు మాత్రం అంది. ఆయాసపడుతూ, ముక్కలు ముక్కలుగా అంది. "క్షమించమంటే సరిపోతుందా అమ్మా. మా అక్క గొంతు ఎల్లుండి నుంచి ఉండదు. ఒక అంకె రాయడానికి నీకు అంత తీరిక లేకపోయిందా. నీకూ ఒక అక్క ఉంటే తెలిసేది."

"ఉందండీ" అంది ఆ అమ్మాయి. తర్వాత ఫోన్ పెట్టేసింది.

"నువ్వేమీ అనుకోకు, మీ ఆఫీసు పిల్లని అన్నానని" అంది చిన్నక్క నాతో. లేదులే అక్కా అన్నాను. నాకు తెలిసి ఇంత నీచమైన మాట ఇంకెప్పుడూ అనలేదు నేను, చూడటానికి రెండు ముక్కలే అయినా.

బుధవారం ఆఫీసుకి వెళ్ళాను. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కొత్తమ్మాయిని తలుపు దగ్గరి బల్లకి మార్చారు, బస్సు టికెట్లు, ఫొటోకాపీలు చేసే బల్లకి. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు దగ్గరకి వెళ్ళి, "ఎందుకు ఒప్పుకున్నావు?" అని అడిగాను. అడిగిన తీరులో కొంచెం కోపం కూడా ఉందంటే నమ్ముతారా. ఆమె కాదంటే నా పని తేలికయ్యేదని కోపం.

"మేనేజరు గారు అడిగారు సార్, నువ్వే నింపావని సీనియర్ గారు అన్నారట, అవునా అని. మీరు అన్నారంటే ఎందుకో అని ఉంటారు అనుకున్నాను. అక్కగారి ముందు చెప్పలేకపోయారేమో అనుకున్నాను. కాగితాలు తీసి చూపించొచ్చు, మీ చేతిరాత ఉంది." ఒక ఫొటోకాపీ తీసి పక్కన పెట్టింది. "ఒకటి రెండు రోజుల్లో మీరే చెబుతారులే అని ఊరుకున్నాను సార్."

"చెబుతాను, చెబుతాను. శుక్రవారం విమానానికి మళ్ళీ టికెట్లు తీశాను, ఆ ప్రయాణం అయిపోనీ" అన్నాను.

ఆమె సరే సార్ అంది. నేను నా కుర్చీలోకి వచ్చి కూర్చుని, స్క్రీన్ మీద ఏవో రెండు ఊళ్ళు కొట్టి, మళ్ళీ చెరిపేశాను.

ఆ సాయంత్రం పెద్దక్కకి ఫోన్ కలిపారు. అప్పటికి ఆసుపత్రిలో చేర్చేశారు. నర్సు ఐదు నిమిషాలే అంది. పది రోజులు దాచుకున్న గొంతు, కానీ అది అప్పటికే బొంగురుపోయి, గాలి తప్ప అక్షరం అందడం లేదు. ఇటువైపు మిషను బుస్సుమంటోంది. చిన్నక్క ఫోన్ చెవికి నొక్కుకుని "ఏమన్నావక్కా? ఏంటీ? మళ్ళీ చెప్పు" అంటూనే ఉంది. మిషను చప్పుడు అడ్డమొస్తోందని ముక్కు గొట్టం తీసేసింది. మేనల్లుడు పరుగెత్తుకొచ్చి మళ్ళీ పెట్టాడు. ఐదు నిమిషాలూ ఏమన్నావు, మళ్ళీ చెప్పు అనడంతోనే అయిపోయాయి. ఫోన్ పెట్టేశాక ఆమె నాతో, "ఏదో నవ్వుతూనే చెప్పిందిరా. నాకు నవ్వు వినబడింది గానీ మాట తెలియలేదు" అంది. నేను వీధిలోకి వెళ్ళిపోయాను. మూలన కొట్టు ముందు నిలబడి ఏడ్చాను. కొట్టువాడు ఏం కావాలి సార్ అని అడిగితే అగ్గిపెట్టె కొనుక్కుని వచ్చాను, నాకు ఏ అలవాటూ లేదు.

శుక్రవారం ఐదు బ్యాటరీలతో విమానం ఎక్కాం. కౌంటరులో అదే ఆవిడ, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పంపించింది. సీటు ముందున్న చిన్న తెర మీద విమానం వెళ్ళే దారి గీతలా కనబడుతోంది. తిన్నగా పోవాల్సింది పోయి, అది పక్కకి వంగి, ఎక్కడెక్కడో తిరిగి, మళ్ళీ దారికి వస్తోంది. పన్నెండుంబావు గంటలూ అక్క పక్క సీట్లో కూర్చున్నాను. నాలుగు గంటలకొకసారి బ్యాటరీ మార్చాను. నిజం చెప్పాలనుకున్నవాడికి పన్నెండుంబావు గంటల్లో ఒక్క నిమిషం దొరక్కపోదు.

సగం దారిలో చిన్నక్కే కదిపింది. "పాపం ఆ పిల్లని మరీ ఎక్కువ అన్నానేమోరా. వాళ్ళ అక్క ఊసు ఎత్తకుండా ఉండాల్సింది."

"ఇప్పుడవన్నీ ఎందుకక్కా. కాసేపు కళ్ళు మూసుకో" అన్నాను. ఆమె బుద్ధిగా మూసుకుంది. చిన్నప్పుడు నన్ను నిద్రపుచ్చడానికి ఈ మాటే తను అనేది. నేను మాత్రం తెర మీద గీతని చూస్తూ కూర్చున్నాను.

శనివారం పొద్దున్న ఆసుపత్రికి వెళ్ళాం. తెల్లటి గది, కిటికీ అవతల కార్లు నిలిపే జాగా. పెద్దక్క దిళ్ళకి ఆనుకుని కూర్చుని ఉంది. మెడ కింద కట్టు, అందులోంచి చిన్న గొట్టం, ఊపిరి అక్కడినుంచే. చక్రాల కుర్చీ మంచానికి ఆనించగానే ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. ఒకరికి ముక్కున గొట్టం, ఒకరికి మెడన గొట్టం. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని, ముందు చిన్నక్కకి నవ్వొచ్చింది, తర్వాత పెద్దక్క భుజాలు కూడా నవ్వుతో ఊగాయి. చప్పుడు మాత్రం రాలేదు. చప్పుడు లేదని గమనించాక ఇద్దరి ముఖాలూ మారిపోయాయి.

మంచం పక్కన రాసి తుడిచే తెల్లబోర్డు ఒకటి ఉంది. పెద్దక్క అది తీసుకుని ఏదో రాసి చిన్నక్కకి చూపించింది, తుడిచి మళ్ళీ రాసింది. ఎక్స్ఛేంజీలో నిమిషానికి పది మందికి జవాబు చెప్పిన మనిషి, ఒక్కో అక్షరం దిద్దుకుంటోంది. కాసేపటికి నా వంక తిరిగి, బోర్డు మీద ఒక వాక్యం రాసి పట్టుకుంది.

'నువ్వుండి కూడా ఎలా తప్పిందిరా?'

నిష్ఠూరం ఏమీ లేదు అందులో. చిన్నక్క చూపులో ఉన్న ఆశ్చర్యమే. జవాబు నా బదులు చిన్నక్క అందుకుంది. "వీడేం చేస్తాడక్కా. ఆఫీసులో ఎవరో పిల్ల ఫారం తప్పు..."

"నేనే నింపాను" అన్నాను.

చిన్నక్క ఆగింది. "ఏంటీ?"

"ఫారం నేనే నింపాను అక్కా. ఆ అమ్మాయి పన్నెండుంబావు అనే రాసింది. నేను రబ్బరుతో చెరిపి తొమ్మిది గంటల నలభై అని రాశాను. స్క్రీన్ చూడమంది, చూడలేదు. నాకు తెలియదా అనుకున్నాను. నలుగురి ముందు ఆ పిల్లని వెక్కిరించాను కూడా." అక్కడితో ఆపలేదు, ఆపితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. "మొన్న నీకు ఫోన్ చేసి క్షమించమంది చూడు. నా తప్పుకి అంది. నేను నీ పక్కనే నిలబడి విన్నాను."

పెద్దక్క బోర్డు ఒళ్ళో దించుకుంది. చిన్నక్క నన్ను చాలాసేపు చూసింది. తిడితే బాగుండుననిపించింది. ఆమె నేనెప్పుడూ చూడని మనిషిని చూస్తున్నట్టు చూసింది, అంతే.

"ఫోన్ కలుపు" అంది.

"ఎవరికి? అక్కా, నేను వెళ్ళాక స్వయంగా..."

"కలుపు."

ఆఫీసుకి కలిపాను. అక్కడ మధ్యాహ్నం, పని వేళ. తలుపు దగ్గరి బల్ల మీది ఫోనే ముందు మోగుతుంది, కొత్తమ్మాయే ఎత్తింది. చిన్నక్క ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది.

"అమ్మా, నేను ఆక్సిజన్ మిషను ఆవిణ్ణి. ఆ రోజు నిన్ను అనరాని మాటలన్నాను. నీ తప్పు లేదట, ఇప్పుడే తెలిసింది. పెద్దదాన్ని, ఏమీ అనుకోకు. నన్ను క్షమించు తల్లీ." ఆయాసానికి మూడు చోట్ల ఆగి, మొత్తం అంది. అటు ఆ పిల్ల ఏమందో నాకు వినబడలేదు. "మీ అక్క బాగుందా?" అని అడిగింది చిన్నక్క. జవాబు విని తలూపింది. "నాకంటే అదృష్టవంతురాలివి. రోజూ మాట్లాడుకోండి."

నా తప్పుకి క్షమాపణ చెప్పినవాళ్ళు ఇప్పటికి ఇద్దరయ్యారు. ఇద్దరికీ దాంతో సంబంధం లేదు. నేను మాత్రం ఆ మాట ఇంకా ఎవరితోనూ అనలేదు. ఈ లెక్క అప్పుడే తట్టింది నాకు, ఆ గదిలో నిలబడి ఉండగా.

చిన్నక్క ఫోన్ నాకిచ్చింది.

"అమ్మాయ్" అన్నాను. తర్వాత, "నన్ను క్షమించు. నువ్వు సరిగ్గానే రాశావు" అన్నాను.

"పర్లేదు సార్" అంది. ఆ వెంటనే, మామూలు గొంతుతో, "మేనేజరు గారు ఇక్కడే ఉన్నారు సార్, ఆయనకి ఇస్తున్నాను. చెప్పండి" అంది. నా జవాబు కోసం ఆగలేదు. ఫోన్ చేతులు మారిన చప్పుడైంది.

"చెప్పండి సీనియర్ గారూ, అక్కగారికి ఎలా ఉంది?" అన్నాడు మేనేజరు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, నన్ను చూస్తే లేచి నిలబడతాడు.

చెప్పాను. కాగితాల దస్త్రం తీసి చూడమన్నాను, అందులో ఎవరి చేతిరాత ఉందో చూడమన్నాను. ఆ అమ్మాయిని ఆమె కుర్చీలోకి పంపమన్నాను. ఆయన అలాగేనండీ, అలాగేనండీ అంటూ విన్నాడు. ఆ అలాగేనండీ మొదట్లో ఉన్నట్టు చివర్లో లేదు.

ఫోన్ జేబులో పెట్టుకుని తలెత్తాను. ఏదో ఒకటి అంటారనుకున్నాను. పెద్దక్క నన్ను చూడటం లేదు, బోర్డు శుభ్రంగా తుడుస్తోంది. చిన్నక్క కుర్చీని ఆమె వైపు ఇంకాస్త జరుపుకుంది.

"ఇంక నువ్వు కాసేపు బయట కూర్చో" అంది, నావైపు తిరక్కుండానే. "మేమిద్దరం మాట్లాడుకోవాలి."

తలుపు దగ్గరగా వేసి, బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాను. లోపలినుంచి చిన్నక్క గొంతు ఒక్కటే వినబడుతోంది.